నరం దొరికే చెయ్యి

కొన్నేళ్ళ క్రిందట మా శ్రీమతి విషజ్వరంతో ఆసుపత్రిలో చేరినది. సెలైన్ ఎక్కించవచ్చిన అమ్మాయిలిద్దరు చెరి రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు, చేతులు కమిలిపోయాయి. చివరకు పై అంతస్తు నుండి ఒక పెద్ద నర్సమ్మగారు వచ్చి, ముంజేతిని వ్రేళ్ళతో నెమ్మదిగా తడిమి, ఒక్క పోటులో పని ముగించారు. అటువంటి చెయ్యి ప్రతి రోగికీ ఎందుకు దక్కరాదన్న ప్రశ్న నన్ను నాటి నుండి వదలలేదు. వెదకగా తెలిసిన చరిత్ర ఇది.

జనం నరమన్నా, శాస్త్రం దానిని సిర అంటుంది. సుశ్రుత సంహితలోని శారీరస్థానంలో సిరావ్యధకు ఒక అధ్యాయమే ఉన్నది. అది రక్తం తీయడానికే గాని ద్రవం ఎక్కించడానికి కాదు. అయినా ఆచార్యుని హెచ్చరిక గమనించదగినది: సిరలు స్వభావసిద్ధంగా చంచలములు, చేపలవలె జారిపోతాయి, ఈ పనిలో పూర్తిగా ఆరితేరినవాడంటూ ఉండడు, కనుక ప్రయత్నపూర్వకంగా గుచ్చవలెను.

పాశ్చాత్య దేశాలలో 1628లో విలియం హార్వే రక్తప్రసరణను గ్రంథస్థం చేశాడు. 1656లో క్రిస్టఫర్ రెన్ ఈకగొట్టంతో కుక్క సిరలోకి ద్రవాన్ని పంపాడు. 1832లో కలరా ప్రబలినప్పుడు స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లట్టా ఉప్పునీటిని రోగుల సిరలలోకి ఎక్కించాడు. దానికి ఆధారం ఓషాగ్నెసీ చేసిన రక్తపరీక్షలు. ఆ ఓషాగ్నెసీయే తరువాత కలకత్తా చేరి మన దేశంలో తంతి వ్యవస్థకు ఆద్యుడైనాడు. లట్టా మొదటి రోగి ఒక వృద్ధురాలు. అరగంటలో ఆమెకు ప్రాణం లేచివచ్చినది. లట్టా ఆమెను మరొక వైద్యునికి అప్పగించి వెళ్ళగా, వ్యాధి తిరగబెట్టి కొన్ని గంటలకే మరణించినది. గుచ్చడంతో పని తీరదని, కనిపెట్టి ఉండాలని చరిత్ర నేర్పిన తొలి పాఠమది.

చాలాకాలం ఈ పని వైద్యులదే. 1940లో అమెరికాలోని బోస్టన్ నగరపు మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఏడా ప్లమర్ అనే నర్సుకు దీనిని ప్రత్యేకంగా అప్పగించినది. సెలైన్, రక్తం ఎక్కించడమే గాక, గొట్టాలు కడగడం, సూదులకు పదును పెట్టడం కూడా ఆ ఉద్యోగంలో భాగం. కావలసిన అర్హత ఒక్కటే, సిరను నేర్పుగా గుచ్చగలగడం. ఆ పద్ధతి ఇతర ఆసుపత్రులకు ప్రాకినది. 1973లో ఈ నర్సులకొక సంఘం కూడా ఏర్పడినది. పిదప ఖర్చు తగ్గింపు పేరిట అక్కడి ఆసుపత్రులు అనేకం ఈ బృందాలను రద్దు చేశాయి.

ఇవి ఉంటే గొట్టం ద్వారా రక్తానికి సోకే అంటు తగ్గుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తన 2011 నాటి మార్గదర్శకాలలో పేర్కొన్నది. అయితే 2018లో కాక్రేన్ సమీక్షకులకు పటిష్ఠమైన తులనాత్మక పరీక్ష ఒక్కటీ లభించలేదు. అంతా బృందానికే వదిలితే తక్కిన నర్సుల చెయ్యి మొద్దుబారుతుందన్న ఆక్షేపణా ఉన్నది.

ఉపాధ్యాయునిగా నాకు తోచినదిది. ఆ పెద్ద నర్సమ్మగారిని పిలిచినప్పుడు వచ్చి గుచ్చి వెళ్ళే మనిషిగా కాక, ఆ అమ్మాయిల ప్రక్కన నిలిచి నేర్పే గురువుగా నియమిస్తే ఈ ఆక్షేపణ నిలువదు. నాలుగు పోట్లు పడిన చేతిని పట్టుకొని కూర్చున్నవారికి ఇది చిన్న విషయం కాదు.