దీపావళి ముందు వాన, వలిగొండ వంతెన

మా నల్లపాడు పేరు గుంటూరు చుట్టుపక్కల వాళ్ళకి తప్ప పెద్దగా ఎవరికీ తెలీదు. రైల్వే వాళ్ళకి మాత్రం బాగా తెలుసు. గుంటూరు నుంచి వచ్చే లైను ఇక్కడే రెండుగా చీలుతుంది. ఒకటి నరసరావుపేట, నంద్యాల మీదుగా గుంతకల్లుకి. రెండోది నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా సికింద్రాబాదు వైపుకి.

2005లో నాది హైదరాబాదులో కొత్త ఉద్యోగం. ఆ ఏడు దీపావళి నవంబరు 1, మంగళవారం. సోమవారం ఒక్కరోజు సెలవు పెడితే చాలు. శనివారం రాత్రి డెల్టా ప్యాసింజర్‌కి వెళ్దామనుకున్నా. శుక్రవారం నాన్న ఫోన్ చేసి "పత్తి తడిసిపోయిందిరా, వాన వదలట్లేదు, చూసుకుని రా" అన్నారు. నేను నవ్వేశాను. రైలుకి వానేంటి నాన్నా!

శనివారం, అక్టోబరు 29 తెల్లవారుజామున, రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న అదే డెల్టా ప్యాసింజర్ రామన్నపేట, వలిగొండల మధ్య వాగులో పడింది. పైన చెరువు తెగింది. ఆ నీటికి చిన్న వంతెన, దాని మీద పట్టాలు కొట్టుకుపోయాయి. చీకట్లో డ్రైవరుకి అది తెలిసే దారి లేదు. నూటపది మందికి పైగా చనిపోయారు. నేను ఎక్కాల్సింది అటు నుంచి వచ్చే బండి కాదు, ఇటు నుంచి వెళ్ళేది. తేడా అంతే.

ఇది మొదటిసారి కాదని తర్వాత చదివితే తెలిసింది. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర. అదే ఏడాది నవంబరు 23న తమిళనాట అరియలూరు దగ్గర. మూడుచోట్లా వరద, వంతెన, వందకి పైగా ప్రాణాలు. మహబూబ్‌నగర్ తర్వాత రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. అరియలూరు తర్వాత ఒప్పుకున్నారు. ఆ రాజీనామా మనందరికీ గుర్తే. వంతెన సంగతే ఎవరికీ గుర్తులేదు.

మన వృత్తిలో చెప్పాలంటే ఇది ఇంటర్‌ఫేస్ సమస్య. తెలంగాణలో చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండితే నీళ్ళు కింది చెరువుకొస్తాయి, పైది తెగితే కిందిదీ తెగొచ్చు. వంతెన కట్టేవాడు వాగులో మామూలుగా వచ్చే వరదని లెక్కేస్తాడు. చెరువు తెగి ఒక్కసారిగా వచ్చి పడే నీళ్ళ సంగతి వేరు. చెరువేమో రాష్ట్ర ప్రభుత్వానిది, పట్టాలేమో రైల్వేవి. పట్టాలకి ప్రమాదం తెచ్చే చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది, ఏటా కలిసి తనిఖీ చేయాలని రూలూ ఉంది. కానీ అర్ధరాత్రి కట్ట తెగితే ఆ కబురు తెల్లారేలోపు స్టేషన్‌కి చేరాలి కదా! ఎర్రర్ వచ్చింది, మెసేజ్ మాత్రం పోలేదు.

మన దేశంలో పండగలూ, బంగాళాఖాతం తుఫానులూ ఒకే నెలల్లో వస్తాయి. 1977 దివిసీమ ఉప్పెన నవంబరు 19న. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. ఇది మారదు. మారింది ముందస్తు కబురు. మిచౌంగ్ అప్పుడు తుఫాను తీరం చేరకముందే వందకి పైగా రైళ్ళు రద్దు చేశారు. 2025లో మొంథా వచ్చినప్పుడు కూడా అంతే. అక్టోబరు 29న డోర్నకల్ స్టేషన్లో పట్టాల మీదికి నీళ్ళొస్తే రైళ్ళు ఎక్కడివక్కడ ఆపేశారు. వలిగొండకి సరిగ్గా ఇరవై ఏళ్ళు.

ఆ రోజు ఆఫీసులో కుర్రాళ్ళు "చినుకు పడితే చాలు, రైళ్ళు ఆపేస్తారు" అని విసుక్కున్నారు. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం "రైలు రద్దు" అని మెసేజ్ వస్తే నాకు కోపం రాదు. ఎవరో ఒకరు చూసుకుంటున్నారన్నమాట.

ఆ దీపావళికి నేను ఊరెళ్ళలేదు. నాన్న మాత్రం ఆ తర్వాత ఏ అక్టోబరులో ఫోన్ చేసినా, పత్తి సంగతి కంటే ముందు "ఏ బండికి వస్తున్నావురా?" అనే అడిగేవారు.