కుక్క కుంటితే లైట్ తీసుకోకండి: ఎముక క్యాన్సర్ వెనక ఓ భీమవరం కథ

వైజాగ్ గాజువాక నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ్టి హిస్టరీ కాస్త పర్సనల్.

మా సింబా రాట్‌వైలర్. ఎనిమిదేళ్లు. ఓ రోజు ముందుకాలు కుంటడం మొదలుపెట్టాడు. మెట్లు దిగేటప్పుడు బెణికి ఉంటుందిలే అనుకుని నెలరోజులు నొప్పి మాత్రలతోనే గడిపేశాం. మణికట్టు పైన గట్టిగా వాపు వచ్చాక ఎక్స్‌రే తీయిస్తే, ఆస్టియోసార్కోమా అన్నారు. అంటే ఎముకలోనే పుట్టే క్యాన్సర్. కుక్కల్లో ఇలా ఎముకలో మొదలయ్యే క్యాన్సర్లలో సుమారు 85 శాతం ఇదే. ఎక్కువగా పెద్ద జాతులకే వస్తుంది.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుని చదువుతూ కూర్చున్నా. ఇదే జబ్బు ఎదిగే వయసు పిల్లలకీ వస్తుందట, ఎక్కువగా మోకాలి దగ్గర. 1970లకు ముందు కాలు తీసేసినా, ఐదుగురు పిల్లల్లో ఒక్కరే బతికేవాళ్లు. ఎందుకంటే అప్పటికే కంటికి కనబడని క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తులకు చేరిపోయి ఉండేవి.

మరి ఏం మారింది? ఇక్కడే మన భీమవరం వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్‌లో పనిచేశారు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. దానికి అడ్డుపడే మందుల్ని ఆయన టీమ్ తయారుచేసింది. అందులో అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా కొంతకాలం తగ్గిందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు చనిపోయింది కూడా ఆ ఏడాదే. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ని 1970ల్లో పెద్ద డోసుల్లో ఎముక క్యాన్సర్ పిల్లలకు ఇవ్వడం మొదలైంది. ఇప్పుడు వ్యాధి పాకకముందే దొరికితే, సర్జరీ, కీమో కలిపి ప్రతి పదిమందిలో ఆరేడుగురు బతుకుతున్నారు.

కుక్కలూ ఆ రుణం తీర్చుకున్నాయి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో స్టీఫెన్ విత్రో బృందం, ఈ జబ్బు వచ్చిన పెంపుడు కుక్కలకు కాలు తీసేయకుండా, పాడైన ఎముక ముక్క తీసి, దాత ఎముక పెట్టి ప్లేటు బిగించేది. ఆ పాఠాలు పిల్లల సర్జరీలకీ పనికొచ్చాయి. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే మా నాన్న అది విని, "మనోడికీ బిగిస్తారేమో అడుగు" అన్నారు.

అడిగాను. అప్పటికే సింబా ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. నొప్పి తగ్గించడం ఒక్కటే మిగిలింది.

నిజం చెప్పాలంటే, ముందే తెలిసినా చాలా కుక్కలకు ఇది పూర్తిగా నయం కాదు. కాలు తీసేస్తే సగటున నాలుగైదు నెలలు, కీమో కూడా ఇస్తే దాదాపు ఏడాది. కానీ వాడు ఆ నెలంతా అంత నొప్పి పడాల్సింది కాదు. మీ కుక్క రెండు వారాలైనా కుంటుతుంటే ఎక్స్‌రే అడగండి.

మళ్లీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటా!