ఆదివారం నాగా: తెలుగు క్రైస్తవుల దినచర్యకు ఒక చరిత్ర

హైదరాబాదులోని ఉప్పల్, నాచారం క్రైస్తవ సంఘాల్లో ఇవాళ తరచు వినబడే మాట "దేవుని చిత్తం". ఉద్యోగం మారాలన్నా, ఫ్లాటు కొనాలన్నా, పిల్లను అమెరికా పంపాలన్నా ముందు ప్రార్థనలో పెడతారు. ఈ అలవాటు మిషనరీలు నేర్పిందేనని కొందరంటారు. గంజి కోసం మతం మారిన పూర్వీకులకు ఇంత విచారణ ఎక్కడిదని మరికొందరంటారు. రెండు మాటలూ చరిత్రకు సరిపడవు.

తొలి ఘట్టం తెలిసిందే. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో తెలుగునేల మీద అడుగుపెట్టాడు. 1840లో నెల్లూరు కేంద్రమైంది. పాతికేళ్ళు గడిచినా సంఘం గుప్పెడుమందే.

1866లో ఒంగోలు ప్రాంతంలో కదలిక వచ్చింది. దానికి ఆద్యుడు యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. బాప్తిస్మానికి ముందే ఆయన గురువు దగ్గర యోగసాధన చేసినవాడు. నియమం పట్టి బతకడమనేది ఆయనకు కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడి విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. చదవడానికి తేలిక. ఆనాటి పల్లెలో మాత్రం చెప్పులు కుట్టడం, మోట బొక్కెన బాగుచేయడం, చచ్చిన గొడ్డును ఈడ్చడం, జాతరలో డప్పు కొట్టడం, ఇవన్నీ మాదిగవాడ మీద మోపిన వెట్టి. కోతల వేళ ఆదివారం నాగా పెడితే ఆసామి ఊరుకోడు. డప్పు మానితే గ్రామాధికారులు పగబడతారు. ఈ మూడు నియమాలూ కూటినీ కొలువునీ ఊరితో ఉన్న ఒప్పందాన్నీ ఒకేసారి తాకాయి. అంత బరువైన నిర్ణయం ఒక్కడు తీసుకోలేడు. వాడంతా కూర్చుని మాట్లాడుకోవలసిందే.

గంజి మాట 1876-78 కరువు నుంచి పుట్టింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని ఇచ్చాడు. కానీ సాయం కోసం చేరారన్న మాట రాకూడదని ఆ నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సాయం ఆశ ఎవరికీ లేదని నేననను. ఈ వివరాలు ఎక్కువగా మిషనరీలు రాసుకున్నవే, వాటిని జాగ్రత్తగా చదవాలి. అయినా పన్నెండేళ్ళ ముందే నష్టానికి సిద్ధపడి ఆదివారం పాటించినవాళ్ళను ఆ కరువు లెక్కలో కలపడం అన్యాయం.

తరవాతి మలుపు స్త్రీలది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం అజరయ్య కానుక ఇవ్వడాన్ని విశ్వాసానికి గుర్తుగా బోధించాడు. ఆ బోధ విని వంటకు ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం దేవుడికని పక్కన తీసే ఇల్లాలు ప్రతి పూటా ఒక నిర్ణయం తీసుకుంటున్నట్టే.

ఇక "నా జీవితం పట్ల దేవుని చిత్తం" అన్న వ్యక్తిగత అన్వేషణ. దీన్ని 1950లో హైదరాబాదు చేరి హెబ్రోను సంఘాన్ని స్థాపించిన సువార్తికుడు భక్తసింగ్‌కు ఆపాదిస్తారు. కొంత నిజమే, ప్రతి అడుగుకూ ప్రార్థనలో కనిపెట్టాలని ఆయన గట్టిగా చెప్పాడు. కానీ హెబ్రోనులో విశ్వాసులు చాపల మీద కూర్చుని కలిసి ప్రార్థించేవారు, ప్రేమ విందులో ఒకే బంతిన తినేవారు. నిర్ణయాన్ని ఒంటరి మనిషికి అప్పగించింది, నా లెక్కలో, నగరమే. పల్లెలు విడిచి ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలకు వచ్చిన కుటుంబాలకు వాడ లేదు, షిఫ్టు ఉంది. ఆదివారం నాగా పెట్టాలా వద్దా అన్నది ఊరి ప్రశ్న కాకుండా ఇంటి ప్రశ్న అయింది.

ఈనాటి భక్తిని నేను తక్కువ చేయను. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో పడకల దగ్గర ప్రార్థించేవాళ్ళను చూసినవాడెవడూ అలా అనలేడు. కానీ నాకొక బాధ ఉంది. కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానం తీసుకుని ఏడాదంతా దాన్నే పట్టుకుంటాం. వీసాకు ఉపవాసముంటాం. కట్నం, కులం చూసి కుదిర్చే సంబంధం, పనిమనిషి జీతం మాత్రం ప్రార్థనాంశాల్లోకి రావు. పేరయ్య తరం తమకు గిట్టుబాటు కాని సంగతులనే ముందు దేవుని ఎదుట పెట్టింది. వచ్చే ఆదివారం మన సంఘంలో ఆ మూడింటినీ పేరుపెట్టి ప్రార్థిస్తే, దేవుని చిత్తమన్న మాట మళ్ళీ మన కూటినీ కొలువునీ తాకుతుంది.