ఇందూరు ఆయకట్టులో ఇంటి చోటు

నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబం ఇవాళ నాలుగు దిక్కులూ చూస్తుంది. బోధన్ రోడ్డు మీద గజం ఎంత, వర్ని రోడ్డు మీద ఎంత, ఆర్మూర్ వైపు బడులు ఎలా ఉన్నాయి, డిచ్‌పల్లి వైపు పోతే జాతీయ రహదారి ఎంత దగ్గర, కలెక్టరేట్ కొత్త భవనంలోకి మారాక ఆ చుట్టుపక్కల ధరలు ఎక్కడిదాకా పోతాయి అని బేరీజు వేస్తుంది. ఈ బేరీజు వెంచర్లతోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ చందూర్, మోస్రా, వర్ని, రుద్రూరు, కోటగిరి, బోధన్ ప్రాంతాలున్న ఈ నిజాంసాగర్ ఆయకట్టులో తొంభై ఏళ్ల కిందటే ఎన్నో కుటుంబాలు ఎక్కడ స్థిరపడాలో చోటుకూ చోటుకూ పోల్చి తేల్చుకున్నాయి. ఆ ఎంపికల్లో ఏవి నిలిచాయో ఏవి నిలవలేదో ఇప్పుడు మన కళ్లెదుటే ఉంది. చోటు దేని మీద ఆధారపడి బతుకుతోంది, ఆ ఆధారం ఎవరి చేతిలో ఉంది అన్నది మొదట చూడాల్సిన లెక్క అని, సౌకర్యాలూ దూరాలూ ఆ తర్వాతివని ఈ చరిత్ర చెబుతోందని నా వాదన.

కాలువకు ముందు ఇక్కడి మామూలు మనిషికి ఊరిని ఎంచుకునే అవకాశమే లేదు. ఊరు చెరువును బట్టి ఉండేది, ఇల్లు కులాన్ని బట్టి ఉండేది. పటేల్, పట్వారీల ఇళ్లు ఊరి నడుమ, మాల మాదిగ వాడలు ఊరి బయట, లంబాడీల తండాలు ఇంకా అవతల. పుట్టిన వాడలోనే పెరిగి ఆ వాడలోనే పోయేవాళ్లు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే రైలు మార్గం ఇందూరు (నిజామాబాద్ పాత పేరు) మీదుగా పడ్డాక, 1905లో నిజామాబాద్ జిల్లా ఏర్పడ్డాక, స్టేషన్ చుట్టూ గంజ్ పెరిగింది. అప్పుడు కూడా చోటు ఎంచుకోగలిగినవాళ్లు వ్యాపారులూ ఉద్యోగులే. రైతుకు ఆ వెసులుబాటు నిజాంసాగర్‌తో వచ్చింది.

మంజీరా మీద ఆ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగా ఉండగా కట్టిన ఆ జలాశయం కింద రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలు సాగులోకి రావాలన్నది లక్ష్యం. అప్పటిదాకా ఖుష్కీగా (మెట్టగా) ఉన్న నేల తరి (మాగాణి) అవుతుంది, ఆబి (వానాకాలం) పంటతో పాటు తాబి (యాసంగి) పంటకూ నీళ్లు దొరుకుతాయి. చెరువు కింద వరి పండించడం ఇక్కడి రైతుకు తెలియని పని కాదు. కానీ అంత విస్తీర్ణాన్ని చదును చేసి, గట్లు వేసి, ఎడ్లూ కూలీలూ పెట్టి ఏటా మడి కట్టాలంటే కావలసిన పెట్టుబడి అతని దగ్గర లేదు. అదే సమయంలో గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల డెల్టాల్లో భూమి ముక్కలైపోయి ధర పెరిగి ఉంది. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు వస్తాయన్న లెక్క అక్కడి రైతులను ఇటు నడిపించింది. అలా వచ్చినవాళ్ల ఊళ్లనే ఈ జిల్లా ఇప్పటికీ క్యాంపులంటుంది.

భూమి చూడటానికి వచ్చిన ఆ రైతు ఏం చూసి ఉంటాడో ఊహించడం కష్టం కాదు, ఎందుకంటే క్యాంపులు వెలిసిన చోట్లే ఆ సంగతి చెబుతాయి. అవి చాలావరకు పాత ఊళ్లకు అంటుకుని లేవు. డిస్ట్రిబ్యూటరీ పక్కన, పొలాల నడుమ, కాస్త మెరక చూసుకుని వెలిశాయి. కాలువ నీళ్లు దగ్గర కావాలి, ఇంటి పునాదిలోకి మాత్రం రాకూడదు. నల్లరేగడిలో మురుగు దిగకపోతే పంట చస్తుంది, మడుగు నిలిస్తే దోమలు పెరిగి మలేరియా పడుతుంది. కాలువ కొత్తగా వచ్చిన నేలల్లో ఆ రోజుల్లో జ్వరమే పెద్ద భయం. అందుకే మురుగు ఎటు పోతుందన్నది ఇంటి విషయంలోనూ పొలం విషయంలోనూ ఒకే ప్రశ్న అయింది. ఆ తర్వాతి ప్రశ్న ఎగువా దిగువా అన్నది. తూము దగ్గరి మడికి ముందుగా నీళ్లు పారతాయి. చివరి భూములవాళ్లు నీళ్లు తక్కువైన ఏడాది నీళ్లు వదిలే లష్కరు చుట్టూ తిరగాలి, రాత్రిళ్లు కాలువ గట్టున కాపలా పడుకోవాలి. కాబట్టి ఎగువ భూమికి ఎక్కువ ధర పెట్టడం దండగ కాదు. మరి ఆ భూమి పట్టా ఎవరిది, షిక్మీ కౌలుదారు ఉన్నాడా, పట్వారీ సాగు లెక్కల పహాణీలో ఎవరి పేరు రాస్తున్నాడు? ఇవన్నీ తేల్చుకున్నాకనే తిన్నటి వీధి వేసి, బండి తిరిగేంత వెడల్పు వదిలి, వీధికి ఇటూ అటూ ఇళ్లు, ఇళ్ల వెనక పశువుల కొట్టాలు, గడ్డివాములు కట్టుకున్నారు. రామాలయమూ బడీ ఆ తర్వాత వచ్చాయి. సౌకర్యం ఏదీ లేని చోటుకు వచ్చి, ఆధారం ముందు చూసుకుని, సౌకర్యాలను తామే తెచ్చుకున్నారు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. క్యాంపుల రైతులు చేతిలో డబ్బుతో, వెనక బంధుబలంతో వచ్చారు, వాళ్ల ఎంపికను వివేకమని మెచ్చుకోవడం దేనికి, అది పెట్టుబడి చేసిన పనే కదా అనవచ్చు. ఈ మాటలో నిజం చాలా ఉంది. పక్కనే ఉన్న పాత ఊరి రైతుకు అదే కాలువ కింద అదే నేల ఉండీ, అప్పు తీర్చుకోలేకనో, పెరిగిన భూమిశిస్తు కట్టలేకనో అమ్ముకున్న సందర్భాలున్నాయి. తండావాళ్లకూ వాడవాళ్లకూ ఏ లెక్కా వేసుకునే స్థితే లేదు. ఆ నష్టాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. తర్వాతి రోజుల్లో ప్రాంతాల మధ్య పెరిగిన కోపానికి ఇక్కడ కూడా ఒక వేరు ఉంది. అయితే పెట్టుబడి ఉంటే చాలు, ఏ చోటైనా కలిసొస్తుందని అనడానికి వీల్లేదు. అదే పెట్టుబడితో వచ్చి చివరి ఆయకట్టులో కొన్నవాళ్లు ఎగువన కొన్నవాళ్లలా నిలదొక్కుకోలేదు. డబ్బు ఎంచుకునే హక్కును ఇచ్చింది, ఎంపిక ఫలితాన్ని నీళ్లూ పట్టా కాగితమూ నిర్ణయించాయి. పాత ఊరి రైతుల్లో కూడా భూమి అమ్మకుండా పట్టుకుని నిలబడగలిగినవాళ్లు రెండో తరానికి బాగుపడటమే దీనికి సాక్ష్యం.

ఇదే ఆయకట్టులో ఇదే కాలంలో ఇంకో రకం నివాసం పుట్టింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని పేరు తెచ్చుకున్న సంస్థ అది. దానికి వేల ఎకరాల సొంత చెరకు తోటలుండేవి. అధికారుల బంగళాలు, కార్మికుల క్వార్టర్లు, ఆస్పత్రి, బడి, ఆడుకోవడానికి మైదానం, సాయంత్రం కాలక్షేపానికి క్లబ్బు అన్నీ ఒకే ఆవరణలో. 1950లలో ఇల్లు చూసుకునే కుటుంబానికి క్యాంపునూ శక్కర్‌నగర్‌నూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది ఎంచుకుంటుంది? క్యాంపులో వానొస్తే బురద, రాత్రయితే చీకటి, జ్వరమొస్తే బండి కట్టుకుని బోధన్ పోవాలి. శక్కర్‌నగర్‌లో కరెంటు దీపం, నల్లా నీళ్లు, డాక్టరు, నెల తిరిగేసరికి జీతం. క్రషింగ్ సీజన్ మొదలైతే ఊరంతా బెల్లపు పాకం వాసన, చెరకు బండ్ల బారులు, సైరన్ మోతకు లేచే ఇళ్లు. సౌకర్యాలను బట్టే తీర్పు చెప్పాలంటే శక్కర్‌నగర్‌కు ఈ జిల్లాలో సాటి లేదు.

కానీ అక్కడి ఇల్లు ఉండేవాళ్లది కాదు, కంపెనీది. దీపమూ నీళ్లూ బడీ ఆస్పత్రీ అన్నీ ఒకే తాడుకు వేలాడేవి. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. జీతాల బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి పోరాడారు. మళ్లీ తెరిపిస్తామన్న హామీలు ప్రభుత్వాలు మారినా వినిపిస్తూనే ఉన్నాయి. ఒక తరం మొత్తం పనిచేసిన చోట, పిల్లలు పుట్టి పెరిగిన క్వార్టరు మీద కార్మికుడి పేరున కాగితం ముక్క లేదు. ఈ జిల్లాకు జరిగిన నష్టాల్లో దీన్ని నేను పెద్దదిగా లెక్కిస్తాను. మిగతావాటికి పరిహారం అన్న మాటైనా వినిపిస్తుంది, పోయిన ఊరికి పరిహారం కట్టే పద్దే లేదు.

ఫ్యాక్టరీ మూతపడుతుందని 1950లలో ఎవరు ఊహించగలరు, జరిగిపోయాక తీర్పు చెప్పడం సులువు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, మూసివేతను ఎవరూ ఊహించలేరు. క్యాంపులవాళ్లు కూడా తమకు రాబోయే కష్టాన్ని ఊహించలేదు. సుమారు ముప్పై టీఎంసీలు పట్టేలా కట్టిన నిజాంసాగర్ పూడికతో సగానికి పైగా తగ్గిపోయింది. గేట్ల ఎత్తు పెంచినా నిల్వ 17.8 టీఎంసీలకే వచ్చింది. ఎగువన సింగూరు ప్రాజెక్టు కట్టి హైదరాబాద్‌కు తాగునీళ్లు మళ్లించాక చివరి భూములు మరీ ఎండాయి. తర్వాత గోదావరి నీళ్లు తోడిపోసే అలీసాగర్ ఎత్తిపోతల వస్తేగానీ దిగువ ఆయకట్టు తేరుకోలేదు. చెరకు కొనే ఫ్యాక్టరీ పోవడంతో చెరకు రైతులూ దెబ్బతిన్నారు. అంటే రెండు చోట్లా ఆధారం కదిలింది. తేడా ఆ తర్వాత తెలిసింది. నీళ్లు తగ్గినప్పుడు క్యాంపు రైతు బోరు వేశాడు, చెరకు మానేసి వరికి మళ్లాడు, పొలం తాకట్టు పెట్టి పిల్లను చదివించాడు, కాదంటే కొంత అమ్మి పట్నం చేరాడు. అతని చేతిలో అమ్మడానికో మార్చడానికో ఏదో ఒకటి ఉంది. క్వార్టరులో ఉన్న కార్మికుడికి ఆ వెసులుబాటు లేదు. చోటు ఎంచుకునేటప్పుడు భవిష్యత్తు చెప్పగలగడం అక్కర్లేదు, ఆధారం కదిలిన రోజున నా చేతిలో ఏముంటుంది అని తనను తాను అడిగితే చాలు. ఆ ప్రశ్నకు జవాబు 1950లలో కూడా దొరికేదే.

ఇప్పటి నిజామాబాద్‌కు వస్తే, 2011 జనాభా లెక్కలకే మూడు లక్షలు దాటిన ఈ నగరం అన్ని వైపులా పొలాల మీదికి పాకింది. గల్ఫ్ సంపాదనలో పెద్ద వాటా ఇంటి స్థలాల్లోకే వచ్చింది. ఇక్కడ మూడో అభ్యంతరం ఎదురవుతుంది. ఇవాళ్టి ఉద్యోగి కాలువ మీదా ఆధారపడడు, ఒకే ఫ్యాక్టరీ మీదా ఆధారపడడు, దుబాయ్‌లో సంపాదించి వినాయక్‌నగర్‌లో ఇల్లు కట్టుకునేవాడికి తూముల సంగతి దేనికి? నా దృష్టిలో అతనికే ఎక్కువ అవసరం. అతను కొనే ప్లాటు నిన్నటి మడి. ఆ మడికి నీళ్లు తెచ్చిన పిల్లకాలువ లేఔట్ నక్షాలో ముప్పై అడుగుల రోడ్డుగా మారి ఉండవచ్చు, కానీ నీళ్లకు పాత దారి గుర్తుంటుంది. చెరువు శిఖం పక్కన మెరకగా మట్టి పోసి అమ్మిన చోట వానాకాలం ఏం జరుగుతుందో ఏటా చూస్తూనే ఉన్నాం. పట్టా సంగతీ అంతే. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా నమోదైనవారి హక్కు, పట్టాదారు ఎన్ని చేతులు మార్చి అమ్మినా, ఇప్పటికీ కోర్టుల్లో ప్రాణంతో లేచి వస్తోంది. పదిహేనేళ్ల ఈసీ తీసి, రెండు లింక్ డాక్యుమెంట్లు చూసి తృప్తిపడేవాళ్లకు ఆ పేరు కనిపించదు. అది పాత పహాణీల్లో ఉంటుంది. విదేశంలో ఉండి ఫోన్లో ఫోటోలు చూసి కొనేవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒకే కార్యాలయాన్నో ఒకే వాగ్దానాన్నో చూపించి అమ్మే ప్లాట్లు నాకు శక్కర్‌నగర్‌ను గుర్తుచేస్తాయి. కలెక్టరేట్ 2022లో కొత్త భవనానికి వెళ్లింది. పాత కార్యాలయం చుట్టూ అద్దెల మీద బతికినవాళ్లకు ఒక్క మార్పుతో లెక్క తారుమారైంది. నగరంలోని ఖలీల్‌వాడి అలా కాదు. ఎందరో డాక్టర్లు, ఎన్నో ఆస్పత్రులు, మందుల దుకాణాలు, ల్యాబులు ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉండటం వల్ల ఒకరు వెళ్లిపోయినా ఆ వీధి పడిపోదు. ఆధారం పది చేతుల్లో ఉన్న చోటుకూ ఒక్క చేతిలో ఉన్న చోటుకూ ఉన్న ఈ తేడాను గజం ధర చూపించదు.

చందూర్ ఇప్పుడు వర్ని నుంచి విడివడి సొంతంగా మండల కేంద్రమైంది. మండలం వచ్చిన చోట రోడ్డు పక్క పొలం ప్లాట్లుగా మారడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ స్థలం కొనాలనుకునేవాళ్లకు ఒక సదుపాయం ఉంది. పాత ఊరూ, క్యాంపులూ, కాలువా అన్నీ నడకదూరంలో, ఇంకా చెరిగిపోకుండా ఉన్నాయి. తహసీల్ కార్యాలయంలో పాత పహాణీల నకలూ గ్రామ నక్షా తీసుకుని, ఆబి నాట్ల రోజుల్లో కాలువ వదిలాక ఆ సర్వే నంబరు దాకా నడిచి వెళ్తే, ఏ గట్టు మెరక, ఏ గెట్టు పల్లం, మురుగు ఎటు దిగుతోంది, పక్క మడివాళ్లు ఎవరు, వాళ్లు ఈ భూమిని ఎవరిదంటున్నారు అన్నవి ఒక్క పూటలో తెలుస్తాయి.