రెండు వరుసలు: బళ్ళారి పాత ఫోటోల్లో పేరు తెలియని మనుషులు

తెలుగులో ‘వరుస’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మనుషులు పక్కపక్కన కూర్చున్న క్రమం ఒకటి, ఒకరికొకరు ఏమవుతారన్న బంధుత్వం రెండోది. పాత కుటుంబ ఫోటోలో ఈ రెండూ కలిసే ఉంటాయి. కుర్చీల్లో కూర్చున్నదెవరు, వెనక నిలబడినదెవరు, చాప మీద పిల్లలెందరు అన్నది కంటికి కనిపిస్తుంది. వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారన్నది మాత్రం ఇంటి పెద్దల నోట ఉంటుంది. ఆ పెద్దలు పోయాక మొదటి వరుస మిగిలి రెండోది చెదిరిపోతుంది. అందుకే ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా మనిషి తెలియకుండా పోతాడు. తెలుగు, కన్నడం కలిసి బతికే బళ్ళారి సీమలో ఈ నష్టం మరింత ఎక్కువ. అక్కడ ఫోటో వయసు సుమారు 170 ఏళ్ళు. ఆ చరిత్రను మొదటి నుంచి చూస్తే పేర్లు ఎందుకు పోయాయో అర్థమవుతుంది, వాటిని తిరిగి రాబట్టే దారీ దొరుకుతుంది. నా వాదన ఇది: పేరు తెలియని మనిషిని ముఖపోలికతో గుర్తించలేం. చోటు, కాలం, సందర్భం, బంధుత్వం అనే నాలుగింటి మధ్య ఆ మనిషిని నిలబెట్టినప్పుడే పేరు నమ్మదగినదవుతుంది.

1839లో పారిస్‌లో దగెర్ తన ఛాయాచిత్ర పద్ధతిని లోకానికి ప్రకటించాడు. 20 ఏళ్ళు తిరక్కముందే ఆ విద్య తుంగభద్ర ఒడ్డుకు చేరింది. మద్రాసు సైన్యంలో అధికారి అయిన అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో, అప్పటి బళ్ళారి జిల్లాలోని హంపి శిథిలాలను మైనం పూసిన కాగితపు నెగటివుల మీద ఫోటోలు తీశాడు. ఆ పద్ధతిలో వెలుతురు చాలాసేపు పడాలి గనుక కదలని రాయి నిలుస్తుంది, నడిచే మనిషి చెరిగిపోతాడు. అంటే ఈ ప్రాంతపు తొలి ఫోటోల్లో మనుషుల కంటే మండపాలదే చోటు. అయినా కుటుంబ ఫోటోలు చూసేవారికి ఇక్కడొక పాఠం ఉంది. 1983లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ సరిగ్గా గ్రీన్‌లా కెమెరా నిలిచిన చోట్లలోనే నిలబడి అవే దృశ్యాలను మళ్ళీ తీశాడు. ఫోటోలో ఏముందో తేల్చడానికి ముందు కెమెరా ఎక్కడ నిలిచిందో తేల్చాలన్నది ఆ పని నేర్పిన సూత్రం. పెళ్ళి ఫోటో వెనక కనిపించే చెక్కడపు తలుపు, ఇంటి అరుగు, దూరాన బళ్ళారి కోటకొండ అంచు కూడా ఆ విధంగా సాక్ష్యాలే. ఇల్లు ఎవరిదో తెలిస్తే వెతకవలసిన మనుషుల సంఖ్య వందల నుంచి పదుల్లోకి వస్తుంది.

రాళ్ళ తర్వాత మనుషులు కెమెరా ముందుకు వచ్చారు, కానీ పేర్లతో రాలేదు. 1868 నుంచి 1875 వరకు ఇంగ్లీషు ప్రభుత్వం వెలువరించిన ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ 8 సంపుటాల్లో మనుషులను ఎక్కువగా కులానికీ తెగకూ నమూనాలుగా చూపారు. 1876-78 నాటి మహా కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. ఆ కరువు కాలంలో మద్రాసు రాష్ట్రంలో విలబీ హూపర్ తీసిన ఫోటోల్లో ఎముకల గూళ్ళలాంటి కుటుంబాలు కూర్చుని ఉంటాయి. ఆ తల్లీ పిల్లల పేర్లు ఎవరూ రాసుకోలేదు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి తెచ్చిన దక్షిణ భారత కులాల 7 సంపుటాల్లో బళ్ళారి ప్రస్తావన పదే పదే వస్తుంది. అక్కడా బొమ్మల కింద కులం పేర్లే ఎక్కువ. ప్రభుత్వానికి కులం తెలిస్తే చాలు, మనిషి అక్కర్లేదు. ఈ చరిత్ర తెలిసినవారికి ఇంట్లోని పాత ఫోటో విలువ వేరుగా కనిపిస్తుంది. అందులో ఉన్నవారు నమూనాలుగా నిలబడలేదు, తమ ఇష్టంతో, తమవాళ్ళ మధ్య, తమ కోసం నిలబడ్డారు. అలాంటి ఫోటోకు పేర్లు రాయకుండా వదిలేస్తే మన ఇంటివాళ్ళను మనమే మళ్ళీ నమూనాలుగా మార్చినట్టవుతుంది.

19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో స్టూడియోలు పట్టణాల్లో వెలిశాయి. 1854లో పారిస్‌లో డిస్‌డెరి పేటెంటు పొందిన చిన్న కార్డు ఫోటో, ఆ తర్వాత వచ్చిన సుమారు 4¼ అంగుళాల వెడల్పు, 6½ అంగుళాల పొడవు ఉండే కేబినెట్ కార్డు మన దేశానికీ వచ్చాయి. దండు, కోర్టులు, పత్తి వ్యాపారం ఉన్న బళ్ళారిలో ఫోటో తీయించుకోగల ఉద్యోగులు, వకీళ్ళు, వర్తకులు ఉండేవారు. మరి వారి ఇళ్ళలో పేర్లు ఎందుకు రాయలేదు? నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. ఫోటో గోడకు తగిలించేది తెలిసినవాళ్ళు చూడడానికి. తెలిసిన ముఖం కింద పేరు రాయడం అనవసరమనిపించింది. భర్త పేరు నోటితో పలకకూడదన్న ఆచారం పేరును మరింత మరుగున పెట్టింది. వెనక ఏమైనా రాస్తే ‘పెద్దనాయన’, ‘జేజి’, ‘చిన్నత్త’ అని వరుసే రాశారు. ఎవరికి పెద్దనాయన, ఎవరికి జేజి అన్నది రాసినవారితోనే పోయింది. అందువల్ల అలాంటి రాత దొరికితే ముందుగా రాసిందెవరో తేల్చాలి. చేతిరాతను పాత ఉత్తరాలతో, లెక్కల పుస్తకాలతో పోల్చి రాసినవారిని గుర్తిస్తే, ‘జేజి’ ఎవరో దానంతట అదే బయటపడుతుంది.

ఇక్కడ బళ్ళారికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇది తెలుగు నాటకానికి పుట్టినిళ్ళలో ఒకటి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) సరస వినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) సుమనోరమ సభను ఇక్కడే నడిపారు. వకీలు వృత్తిలో ఉంటూనే నటుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్న బళ్ళారి రాఘవ (1880-1946) ఈ వాతావరణంలోంచి వచ్చినవాడే. ఆ కాలంలో స్త్రీ పాత్రలు మగవాళ్ళే వేసేవారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టిన తొలితరంలో రాఘవ ఒకరు. కాబట్టి ఆ నాటి గుంపు ఫోటోలో పట్టుచీర, వడ్డాణం, ముక్కెరతో ఉన్న ‘స్త్రీ’ నాటకంలో నటించిన మేనమామ కావచ్చు. రాజు వేషంలో ఉన్నవాడు జమీందారు కాకపోవచ్చు, తాలూకా గుమస్తా కావచ్చు. స్టూడియోల్లోనూ కోటు, చేతి గడియారం, కుర్చీ అరువివ్వడం మామూలే. వేషాన్ని బట్టి హోదాను, హోదాను బట్టి మనిషిని తేల్చడం ఎంత ప్రమాదమో ఈ ఊరి చరిత్రే చెబుతుంది.

కాలనిర్ణయానికి మాత్రం బళ్ళారి సరిహద్దు గొప్ప సాయం చేస్తుంది. రాజ్యాలు మారినప్పుడల్లా చిరునామా మారింది. ఆ చిరునామా స్టూడియో ముద్రలో, పోస్టుకార్డు మీద, పెళ్ళి శుభలేఖలో మిగిలింది. 1800లో నిజాం ఇంగ్లీషువారికి ఇచ్చేసిన దత్తమండలాల్లో బళ్ళారి భాగం. 1882లో అనంతపురం దాని నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప, సండూరు వంటివి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. 1973 నవంబరు 1న మైసూరు పేరు కర్ణాటక అయింది. 2021లో హోస్పేట ప్రాంతం విజయనగర జిల్లాగా వేరుపడింది. కాబట్టి ముద్రలో ‘మదరాసు’ ఉంటే 1953కు ముందరిది, ‘మైసూరు రాష్ట్రం’ ఉంటే 1953-1973 మధ్యది అని అనుకోవచ్చు. పిన్‌కోడు కనిపిస్తే 1972 ఆగస్టు 15 తర్వాతి ముద్రే. అయితే పాత ముద్రల అట్టలు అయిపోయేదాకా వాడే స్టూడియోలూ ఉండేవి. అందుకే ముద్రను ఒక్క సాక్ష్యంగా తీసుకుని, కాగితాన్ని రెండో సాక్ష్యంగా చూడాలి. పసుపు తిరిగిన పలచని ఆల్బుమెన్ కాగితం చాలావరకు 19వ శతాబ్దానిది. చదరపు చిన్న ప్రింటు అయితే 120 ఫిల్ము మీద 12 బొమ్మలు తీసే ఆగ్ఫా క్లిక్ 3 లాంటి కెమెరాలు మధ్యతరగతి చేతికి వచ్చిన కాలానిది కావచ్చు.

సరిహద్దు కాలం చెప్పినట్టే మనుషులను మరుగునా పడేసింది. గీత గీసిన రోజున ఒకే కుటుంబంలో అన్న ఆదోనిలో, తమ్ముడు బళ్ళారిలో ఉంటే వారి పిల్లలు వేర్వేరు రాష్ట్రాల బడుల్లో చదివారు. ఒకచోట తెలుగు, ఇంకోచోట కన్నడం రాత భాష అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తెలుగు లిపి చదవలేని తరం బళ్ళారిలో పెరిగింది. తాత ఫోటో వెనక రాసిన తెలుగు పంక్తి మనవడికి అర్థంకాని గీతలుగా మిగిలిపోయింది. ఇంటిపేరు ముందు రాసే తెలుగు అలవాటు, ఊరి పేరో తండ్రి పేరో పొడి అక్షరాలుగా పెట్టే కన్నడ అలవాటు కలిసిపోయి ఒకే మనిషి రెండు కాగితాల్లో ఇద్దరిలా కనిపిస్తాడు. అందువల్ల ఇక్కడి ఫోటో గురించి ఒక పక్కనే అడిగితే సగం జవాబే వస్తుంది. అదే ఫోటో ప్రతి రాయదుర్గంలోనో ఆదోనిలోనో మరో ఇంటి గోడ మీద ఉండవచ్చు. అక్కడ దాని వెనక పేర్లు రాసి ఉండవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేరు ఉంది కదా అని ఇప్పుడు చాలామంది అడుగుతారు. ఆ సాధనం పనికిరానిది కాదు. అమెరికా అంతర్యుద్ధపు సైనికుల ఫోటోలను గుర్తించడానికి 2018లో మొదలైన ‘సివిల్ వార్ ఫోటో స్లూత్’ ఈ సాంకేతికతనే వాడింది. కానీ అక్కడ పేర్లతో ఉన్న సైనికుల ఫోటోలు ముందే పోగై ఉన్నాయి, యూనిఫాం, దళం, హోదా వంటి వివరాలతో సరిచూసుకునే వీలుంది. మన ఇళ్ళలో పోల్చడానికి పేరున్న ఫోటోయే దొరకదు. పైగా మేనరికాలు తరతరాలుగా సాగిన రాయలసీమ కుటుంబాల్లో మేనమామ, మేనల్లుడు, బావ ఒకే ముక్కుతో, ఒకే నుదురుతో ఉంటారు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల పేరూ ఒకటే అవుతుంది. ఇల్లరికం వచ్చిన అల్లుడు అత్తింటివారిలో కలిసిపోతాడు. బళ్ళారి పడమటి తాలూకాల్లో ఒకప్పుడున్న బసివి ఆచారంలో కూతురు కొడుకులా ఆస్తి పొంది, ఆమె సంతానం పుట్టింటి వంశంలోనే లెక్కకు వచ్చేది. ఇలాంటి చోట పోలిక నిజమే అయినా అది తండ్రీ కొడుకులదో మేనమామా మేనల్లుళ్ళదో యంత్రం చెప్పలేదు. పాత ఫోటోకు రంగులద్ది మసకను సరిచేసే కొత్త సాధనాలతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లేని రేఖలను ఊహించి గీసేది అవే. గుర్తింపు ఎప్పుడూ అసలు ప్రతి మీదే జరగాలి.

మరి పెద్దల జ్ఞాపకం మాత్రం నమ్మదగినదా అన్నది రెండో ప్రశ్న. 80 ఏళ్ళ వయసులో పొరపాటు పడతారు, నిజమే. అయితే ఆ పొరపాటు చాలాసార్లు మనం అడిగే తీరులో ఉంటుంది. ‘ఈయన మీ చిన్నాయనేనా?’ అంటే ఔననడం సులువు. ‘ఈ ఫోటోలో ఎవరెవరు కనిపిస్తున్నారు?’ అని అడిగి ఊరుకుంటే జవాబు వేరుగా వస్తుంది. ఇద్దరు పెద్దలను విడివిడిగా అడిగి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పకుండా రెండూ పోల్చాలి. పేరు గుర్తురాకపోతే పెళ్ళి ఎవరిదో, ఆ ఏడు వానలు పడ్డాయో లేదో, ఆ పిల్ల అప్పటికి పుట్టిందో లేదో అడగాలి. పేరు మరిచినవారికీ సందర్భం గుర్తుంటుంది. తేలినదాన్ని కూడా మూడు తరగతులుగా రాయాలి: రాత ఆధారం ఉన్నది నిశ్చయం, ఇద్దరు విడిగా చెప్పినది నమ్మదగినది, పోలికను బట్టి అనుకున్నది ఊహ. ఊహను నిశ్చయంగా రాస్తే తర్వాతి తరానికి తప్పుడు తాతను ఇచ్చినట్టవుతుంది. పేరు తెలియకపోవడం కంటే అది పెద్ద నష్టం.

ఈ మామూలు మనుషుల పేర్లు తెలిసి ఎవరికేం లాభమన్నది మూడో అభ్యంతరం. ఊరి చరిత్రలో కలెక్టర్ల పేర్లున్నాయి, నటుల పేర్లున్నాయి. వారి వెనక నిలబడిన ఆడవాళ్ళు చాలామంది ‘ఫలానావారి భార్య’గానే మిగిలారు. ఆమె పుట్టిల్లు ఏదో, ఆమె ఏ భాషలో పెరిగిందో తెలిస్తే సరిహద్దుకు రెండు వైపులా కుటుంబాలు ఎలా అల్లుకున్నాయో తెలుస్తుంది. సరిహద్దు కమిషన్ల నివేదికల్లో భాషల లెక్కలు దొరుకుతాయి, ఈ అల్లిక దొరకదు. రెండో పెళ్ళి, దత్తత వంటి కొన్ని విషయాలు తేలితే బతికున్నవారికి బాధ కలగవచ్చన్నది నిజం. అలాంటప్పుడు పేరును ఇంటివారి దగ్గర రాసి ఉంచాలి, ఊరందరికీ చూపనక్కర్లేదు. దాచుకోవడం వేరు, పోగొట్టుకోవడం వేరు.

కాబట్టి చదివేవారికి ఒక్క విన్నపం. ఇంట్లోని పాత ఫోటోలు కిందికి దించండి. మెత్తని పెన్సిలుతో, గట్టిగా ఒత్తకుండా, వెనక అంచున రాయండి, బాల్‌పెన్ను వద్దు. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి పూర్తి పేరు, ఇంటిపేరు, పుట్టిల్లు, ఎవరికి ఏమి వరుసో రాయండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కింద చేర్చండి. బళ్ళారి వైపు ఉన్నవారు తెలుగులోనూ కన్నడంలోనూ రాయండి, మనవళ్ళు ఏ లిపి చదువుతారో మనకు తెలియదు. ఆ తర్వాత ఒక నకలు తీయించి సరిహద్దుకు అవతల ఉన్న బంధువుకు పంపండి. అడగవలసిన పెద్దలు ఉంటే ఈ వారంలోనే అడగండి.