తోలుకు కన్నం వేసే చేతిమర

ఉగాది సంచికలలో సాధారణంగా రాజుల చరిత్రలు, కవుల చరిత్రలు ఉంటవి. వలస వచ్చిన మన పెద్దలు ఏ నాయకుని దండుతో వచ్చినారో, ఏ ఊరిలో ఏ గుడి కట్టించినారో ఎందరో వ్రాసినారు. కాని ఆ దండులోని గుర్రానికి జీను కుట్టినవాని గురించి, సిపాయి కాలికి చెప్పు కుట్టినవాని గురించి వ్రాసినవారు తక్కువ. కనుక ఈ ఏడు పాఠక మహాశయులను ఒక చిన్న వస్తువు దగ్గరకు తీసుకొని పోదలచినాను. అది తోలుకు కన్నం వేసే చేతిమర. చూచుటకు చిన్నదే గాని, దాని వెనుక ఐదువేల ఏళ్ళకు మించిన కథ ఉన్నది. ఆ కథలో మనవారి పాలు కూడా ఉన్నది.

తోలుకు కన్నం వేయుటలో ఏమి గొప్ప ఉన్నదని అడుగవచ్చును. గుడ్డకు సూది దిగితే పోగులు ప్రక్కకు తొలగి దారి ఇస్తవి. కుట్టు విప్పితే గుడ్డ మళ్ళీ గుడ్డే. తోలు అట్లా కాదు. ఒకసారి పడిన కన్నం గుర్తు జన్మలో పోదు. కన్నాలు మరీ దగ్గరగా పడితే, తపాలా బిళ్ళల కాగితం వలె ఆ వరుస వెంట చిరుగుతుంది. మరీ దూరమైతే కుట్టు నోరు తెరుస్తుంది. అంచుకు చేరువగా పడితే మొదటి లాగుడుకే తెగిపోతుంది. అందుచేత తోలుపనిలో పనివాని నేర్పు ముందుగా కన్నంలోనే బయటపడుతుంది. తప్పు చేసి దిద్దుకొనే అవకాశం లేని పని ఇది.

మానవుడు ఈ పని ఎప్పుడు నేర్చినాడు? ఆర్మీనియా దేశంలో ఒక గుహలో 2008లో ఒక కాలి తోలు జోడు దొరికినది. దాని వయస్సు సుమారు 5,500 ఏళ్ళని పరీక్షలవల్ల తేలినది. ఒకే ఆవుతోలు ముక్కను పాదం చుట్టూ మడిచి, అంచుల వెంట కన్నాలు వేసి, తోలు వారును దూర్చి బిగించినారు. ఆనాటి పనిముట్టు ఎముకతోగాని కొమ్ముతోగాని చేసిన మొన. రాగి వచ్చిన తరువాత రాగి మొన, ఇనుము వచ్చిన తరువాత ఇనుప మొన. మన భాషలో దీని పేరు ఆరె. తోలు కోసే కత్తి ఱంపె. ఈ రెండింటితో మన పల్లెలో చెప్పు, జీను, తిత్తి, డప్పు, మోట బొక్కెన అన్నీ తయారైనవి.

మోట బొక్కెన మాట వచ్చినది గనుక ఒక విషయం చెప్పాలి. కన్నాలు రెండు విధాలు. ఒకటి పూడవలసిన కన్నం, రెండవది తెరచి ఉండవలసిన కన్నం. ఆరె తోలును తొలగించదు, నారలను ప్రక్కకు నెట్టుతుంది. దారం దూరిన తరువాత ఆ నారలు మళ్ళీ దగ్గరకు వచ్చి దారాన్ని పట్టుకొంటవి. నీళ్ళు తగిలితే తోలు ఉబ్బి ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. నూతిలో నుంచి ఎడ్లు లాగే మోట బొక్కెన కారకుండా ఉన్నదంటే ఈ గుట్టువల్లనే. రైతు పొలం తడిసినది ఎడ్ల బలంవల్ల అని అందరూ అంటారు. ఆ బొక్కెనకు ఆరెతో కన్నం వేసినవాని నేర్పువల్ల కూడా అని అనుట న్యాయం.

బెల్టుకు, జీను వారుకు, బూటు త్రాడుకు కావలసినది రెండవ విధమైన కన్నం. అది పూడరాదు. ఆరెతో వేస్తే కొన్నాళ్ళకు మూసుకొంటుంది, లేదా మూల వద్ద చిరుగుతుంది. కాబట్టి తోలును గుండ్రంగా కోసి బిళ్ళను బయటకు తీసివేయాలి. గుండ్రని కన్నానికి మూల ఉండదు గనుక చిరుగు మొదలయ్యే చోటు ఉండదు. దీనికై వచ్చినది గొట్టం ఉలి. అంచు పదును పెట్టిన ఇనుప గొట్టాన్ని తోలుమీద నిలిపి, క్రింద కొయ్య దిమ్మగాని సీసపు దిమ్మగాని పెట్టి, కొడవటితో ఒక్క దెబ్బ వేస్తే బిళ్ళ గొట్టంలోనికి పోతుంది. రాతిమీద పెట్టి కొడితే పదును చెడుతుంది. ఒక కన్నానికి ఒక దెబ్బ. రోజంతా కొట్టినవాని భుజం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ దెబ్బను తప్పించుటకే చేతిమర పుట్టినది. మొదటి రూపం పట్టకారు. ఒక దవడమీద చిన్న చక్రం, చక్రం చుట్టూ సాధారణంగా ఆరు సైజుల గొట్టాలు, ఎదుటి దవడమీద మెత్తని ఇత్తడి దిమ్మ. కావలసిన సైజును త్రిప్పి పెట్టి పిడి నొక్కితే సరి. చెప్పులు బాగుచేసేవారి పెట్టెలో నేటికీ కనబడే సామాను ఇది. రెండవ రూపం బల్లకు బిగించే మర. పై నుంచి దిగే ఇనుప కడ్డీకి గొట్టం ఉలి అమర్చి ఉంటుంది. ప్రక్కన పొడుగాటి పిడి. పిడి ఇరుసు నుంచి చేయి పట్టేచోటు 20 అంగుళాలు, కడ్డీని నొక్కేచోటు 2 అంగుళాలు అనుకొందాము. చేతితో 10 పౌన్లు నొక్కితే, రాపిడికి పోయేది పోగా, తోలుమీద పడే బలం ఇంచుమించు 100 పౌన్లు. ఉలి తీసి వేరొక అచ్చు పెడితే అదే మర కన్నానికి ఇత్తడి కంటిని కూడా బిగిస్తుంది. కరెంటు అక్కరలేదు, ఆవిరి అక్కరలేదు. పిడి చేతిలో ఉన్నది గనుక తోలు మందము, మెత్తదనము చేతికి తెలుస్తూనే ఉంటవి.

ఆరె కథలో మరువరాని ఘట్టం ఒకటి ఫ్రాన్సు దేశంలో జరిగినది. కూప్‌వ్రే అనే పల్లెలో గుర్రపు సామాను కుట్టే సైమన్ రెనే బ్రెయిల్ అనే పనివాడు ఉండేవాడు. 1812లో అతని మూడేళ్ళ కొడుకు లూయీ తండ్రి పనిచోట ఆడుకొంటూ, పదునైన పనిముట్టుతో తోలుకు కన్నం వేయబోయి కంటికి గాయం చేసికొన్నాడు. ఆ గాయం చెడి రెండు కళ్ళూ పోయినవి. ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై కాగితంమీద చుక్కలు పొడిచి వ్రేళ్ళతో చదివే లిపిని కల్పించి, 1829లో ప్రకటించినాడు. ఆ చుక్కలు పొడుచుటకు వాడే కలం ఆరెకు తోబుట్టువు వంటిదే. కన్ను తీసిన మొనయే లోకంలోని అంధులందరికీ చదువు ఇచ్చినది.

ఇక యంత్రయుగానికి వత్తాము. కుట్టుమిషను అనగానే మనకు బట్టలు గుర్తుకు వస్తవి. కాని దాని చరిత్ర మొదలైనది తోలుతో. 1790లో లండనులో థామస్ సెయింట్ అనే కొయ్యపనివాడు జోళ్ళు, బూట్లు కుట్టుటకు ఒక చేతిమరను కల్పించి పేటెంటు పొందినాడు. చేతితో పిడి త్రిప్పితే ముందుగా ఆరె దిగి తోలుకు కన్నం వేస్తుంది. దాని వెనుకనే చీలిక మొనగల సూది దారాన్ని ఆ కన్నంలోనికి నెట్టుతుంది. క్రింద కొక్కెం దారాన్ని పట్టుకొని గొలుసుకుట్టు వేస్తుంది. చర్మకారుని చేయి చేసే రెండు పనులను, అనగా కన్నము కుట్టును, వరుసగా మరకు నేర్పిన మొదటివాడు ఇతడే.

కాని ఆ పేటెంటు జిగురులు, వార్నీషులతోబాటు ఒకే కాగితాల కట్టలో పడి ఎనుబది ఏళ్ళకు పైగా ఎవరి కంటా పడలేదు. 1873లో న్యూటన్ విల్సన్ అనే కుట్టుమిషన్ల వ్యాపారి దానిని వెలికితీసి, ఆ పటాలనుబట్టి ఒక నమూనా చేయించినాడు. కొన్ని మార్పులు చేసిన తరువాతనే అది పనిచేసినదట. ఆ నమూనా లండను సైన్సు మ్యూజియమువారి వద్ద ఉన్నది. ఈలోగా అమెరికాలో 1846లో ఎలయాస్ హో కుట్టుమిషనుకు, 1858లో లైమన్ బ్లేక్ జోడు అట్టను కుట్టే మిషనుకు పేటెంట్లు పొందినారు. ఇంటి అరుగుమీద సాగిన జోళ్ళపని క్రమంగా ఫ్యాక్టరీలో చేరినది. పనివాని చేతినుంచి పిడి జారిపోయి, ఇంజను చేతికి పోయినది.

ఇక్కడనే గాంధీమహాత్ముడు జ్ఞప్తికి వస్తాడు. దక్షిణాఫ్రికాలో 1910లో నెలకొల్పిన టాల్‌స్టాయ్ ఫారములో ఆయన చెప్పులు కుట్టుట నేర్చినాడు. స్వయంగా కుట్టిన జోడు ఒకటి జనరల్ స్మట్సుకు కానుకగా ఇచ్చినాడు. తనను జైలులో పెట్టినవానికి చెప్పులు కుట్టి ఇచ్చుట ఆయనకే చెల్లినది. స్మట్సు వాటిని ఏండ్ల తరబడి దాచుకొని 1939లో గౌరవంతో తిరిగి పంపినాడు. యంత్రాలకు గాంధీ విరోధి అని అందరూ అంటారు. కాని 1924లో ఒక సంభాషణలో, కుట్టుమిషను మేలైన మరలలో ఒకటి అని ఆయనే ఒప్పుకొన్నాడు. మనిషి శ్రమను తగ్గించి మనిషిని తొలగించని మర ఆయనకు సమ్మతమే. కన్నం వేసే చేతిమర సరిగా ఆ జాతికి చెందినది.

మన దక్షిణదేశపు సంగతి చూతాము. తంగేడు చెక్కతో తోలు ఊనుట ఇక్కడ అనాది విద్య. 1903లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు క్రోము పద్ధతిని ప్రయోగించుట మొదలుపెట్టినాడు. నీటిలో నానినా త్వరగా చెడని తోలుతో మోట బొక్కెనలు చేయించుట ఆయన ఉద్దేశాలలో ఒకటి. 1948లో మద్రాసు అడయారులో కేంద్ర చర్మ పరిశోధనాలయం ఏర్పడినది. 1958 నుంచి 1971 వరకు దానికి డైరెక్టరుగా ఉన్నవారు మన తెలుగువారైన యలవర్తి నాయుడమ్మగారు. తెనాలి దగ్గర యడ్లపల్లిలో 1922లో రైతు కుటుంబంలో పుట్టి, చర్మశాస్త్రాన్ని జీవితపు పనిగా ఎంచుకొన్నారు. పరిశోధన ఫలితం చర్మకారుని గుమ్మం చేరాలని ఆయన పట్టుదల. 1985 జూన్ 23న కనిష్క విమానపు దుర్ఘటనలో ఆయన అస్తమించినారు. తోలుపనిని ముట్టరానిదిగా చూచిన దేశంలో, దానిని విశ్వవిద్యాలయపు పీఠం ఎక్కించుట చిన్న పని కాదు.

కాని శాస్త్రానికి వచ్చిన గౌరవం పనివానికి వచ్చినదా? ఇది ఈ వ్యాసంలో ముఖ్యమైన ప్రశ్న. తమిళనాటిలో, విశేషించి కోయంబత్తూరు, ఈరోడు, సేలం ప్రాంతాలలో, అరుంధతీయులనే జనులు లక్షలకొలది ఉన్నారు. తోలుపని వారి పూర్వుల వృత్తి. వారిలో చాలామంది ఇంట మాట్లాడేది తెలుగు, కొందరు కన్నడం. నూతులకు ఆయిలు ఇంజన్లు, ఆపైన కరెంటు మోటార్లు వచ్చి మోట కనుమరుగైనప్పుడు వారి పని పోయినది. ఫ్యాక్టరీ జోడు వచ్చి చెప్పులపని కూడా తగ్గినది. అనేక కుటుంబాలు పట్టణాల పారిశుధ్యపు పనికి నెట్టబడినవి. 2009లో తమిళనాడు ప్రభుత్వం వారికి షెడ్యూల్డు కులాల రిజర్వేషనులో 3 శాతం ప్రత్యేకంగా కేటాయించినది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అట్టి విభజన చెల్లునని తీర్పు చెప్పినది.

అరుంధతి పేరు ఎంత పవిత్రమో మనకు తెలుసు. ప్రతి పెండ్లిలో వధూవరులకు ఆ నక్షత్రాన్ని చూపిస్తాము. ఆ అరుంధతి తమ ఇంటి ఆడపడుచే అని మాదిగల సంప్రదాయం. ఆడపడుచును ఆకాశంలో చూచి నమస్కరించి, ఆమె పుట్టింటివారిని ఊరి వెలుపల ఉంచుట ఏమి ధర్మం?

వలస వచ్చినవారి భాష సంగతిలో ఇంకొక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నవి. పలుచగా చేసిన తోలుమీద ఉలులతో సన్నని కన్నాలు తొలిచి, సీతమ్మకు హారాలు, రాముల వారికి కిరీటం అమర్చుతారు. తెరవెనుక దీపం వెలిగితే ప్రతి కన్నం ఒక రత్నం అవుతుంది. ఆ ఊరి కళాకారులైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆంధ్రదేశపు బొమ్మలాటవారి పూర్వులు మరాఠీ నేలనుంచి వచ్చినవారు. ఇంట మరాఠీ యాస పలుకుతూనే, తెరవెనుక తెలుగు పద్యాన్ని తరతరాలు నిలిపినారు. వారిని తెలుగువారు కాదని ఎవరు అనగలరు? అట్లే తమిళనాట ఇంట తెలుగు పలికే చర్మకారులను మనవారు కాదని ఎవరు అనగలరు?

సంఘ సభ్యులకు ఒక మనవి. మన సభ్యుల పట్టికలో ఈ సోదరుల పేర్లు ఎన్ని ఉన్నవో ఒకమారు చూడవలసినది. ఉగాది పచ్చడి పంచే పందిరిలోనికి వారిని అతిథులుగా కాక ఇంటివారుగా పిలువవలసినది. ఆరె, ఱంపె, వారు, తిత్తి వంటి మాటలు వారి ఇళ్ళలో ఏ రూపాన నిలిచినవో, పెద్దవారు ఉండగానే అడిగి వ్రాసిపెట్టవలసినది. పని నేర్వదలచిన యువకులకు ఒక చేతిమర, కుట్టుమిషను కొనిపెట్టుట సంఘానికి మోయలేని భారం కాదు.

తోలుకు పడిన కన్నం పూడదు. కాని ఆ కన్నంలో దారం దూరితేనే రెండు ముక్కలు ఒకటవుతవి. క్రొత్త సంవత్సరం మన సంఘంలోని ముక్కలన్నిటినీ ఒక్క కుట్టులో చేర్చుగాక అని కోరుతూ, పాఠకులకు ఉగాది శుభాకాంక్షలు అందజేస్తున్నాను.