ఎర్రతేలు విషం - పొటాషియం చానళ్ల గుర్తింపు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఎర్రతేలు విషంలోని ఒక చిన్న ప్రోటీన్ మానవ కణజాలాల్లోని పొటాషియం చానళ్లను గుర్తించే సాధనమైంది. ఆ తేలు బారిన పడే వ్యవసాయ కూలీలకు ఈ విజ్ఞానం ఎంతవరకు చేరిందన్న ప్రశ్నతో ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఎర్రతేలు, పొటాషియం చానల్, ఐబీరియోటాక్సిన్, ప్రజోసిన్.

1. ఉపోద్ఘాతం:
మార్టూరు వంటి పత్తి, మిరప ప్రాంతాల్లో కూలి పనివారికి తేలు భయం కొత్తది కాదు. పగలు రాళ్ల కింద, నేల నెర్రెల్లో దాగి రాత్రి వేటకు బయలుదేరే జీవి ఇది. బాధను బయటికి చెప్పుకోలేనివాణ్ణి తెలుగువారు 'తేలు కుట్టిన దొంగ' అంటారు. ఎర్రతేలు విషయంలో ఆ బాధ ప్రాణాంతకం కూడా కావచ్చు. 1798లో ఫాబ్రిషియస్ వర్ణించిన ఈ జాతిని నేడు హోటెన్‌టోట్టా టాములస్ అని వ్యవహరిస్తున్నారు.

2. చానళ్లు - గుర్తింపులోని చిక్కు:
కణం వెలుపలి కంటే లోపల పొటాషియం సుమారు 30 రెట్లు ఎక్కువ. కణత్వచంలోని ప్రోటీన్ ద్వారాలు తెరుచుకున్నప్పుడు అది వెలుపలికి ప్రవహించి, కణం ఉత్తేజాన్ని తగ్గిస్తుంది. గుండె లయ, రక్తనాళాల బిగువు, నాడీ సంకేతాలు దీనిపై ఆధారపడతాయి. 1952లో హాడ్జికిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువులో ఈ ప్రవాహాన్ని లెక్కగట్టారు. 1976లో నేహర్, సాక్‌మన్ ఒక్కొక్క చానల్ గుండా పోయే విద్యుత్తును కొలిచే పాచ్ క్లాంప్ పద్ధతిని రూపొందించారు.

అయితే మానవుల్లో ఈ చానళ్లకు దాదాపు 80 జన్యువులున్నాయి. ఒకే కణంలో అనేక రకాలుంటాయి. మొత్తం ప్రవాహంలో ఏ చానల్ వాటా ఎంత? ఒకే రకాన్ని మూసివేసే పదార్థం దొరికితే, దాన్ని వేశాక ఆగిపోయిన ప్రవాహమే ఆ చానల్ వాటా అవుతుంది. ఆ పదార్థాలు విషాల్లో లభించాయి.

3. విషం - పరిశోధన సాధనం:
1985లో మిల్లర్ బృందం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లో ఉండే మరొక తేలు విషం నుంచి చారిబ్డోటాక్సిన్‌ను వెలువరించింది. అది పలు రకాల చానళ్లను మూయగలదు. 1990లో అమెరికాలోని మెర్క్ శాస్త్రజ్ఞులు ఎర్రతేలు విషం నుంచి ఐబీరియోటాక్సిన్‌ను వేరుచేశారు. 37 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్, కాల్షియంతో తెరుచుకునే బి.కె. చానల్‌ను ప్రత్యేకంగా అడ్డుకుంటుంది. రక్తనాళాల, మూత్రాశయపు నునుపు కండరాల్లో ఆ చానల్ పాత్రను నిర్ధారించడానికి ఇది ప్రామాణిక సాధనమైంది. 1991లో మెకినన్ చారిబ్డోటాక్సిన్ సాయంతోనే ఒక పొటాషియం చానల్ నాలుగు ఉపభాగాల కూర్పని నిరూపించాడు. 2002లో ఎర్రతేలు విషం నుంచే మరో రకం చానల్‌ను మూసే టమాపిన్ వెలుగుచూసింది.

4. బాధితునికి అందినది:
ఎర్రతేలు కాటులో ప్రాణం తీసేది ప్రధానంగా ఐబీరియోటాక్సిన్ కాదు, సోడియం చానళ్లపై పనిచేసే ఇతర విషాలు. వాటివల్ల నాడుల కొసలనుండి ఉత్తేజక పదార్థాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. విపరీతమైన చెమటలు, కాళ్లూచేతులూ చల్లబడడం, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం జరుగుతాయి. దీనికి ఉపశమనం చూపినవాడు మహారాష్ట్రలోని మహాడ్‌లో గ్రామీణ వైద్యుడైన హిమ్మత్‌రావ్ బావస్కర్. రక్తపోటుకు వాడే ప్రజోసిన్ మాత్ర ఈ స్థితిలో ఉపయోగపడుతుందని ఆయన 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. ప్రజోసిన్‌కు విరుగుడు సూదిమందు జోడిస్తే రోగులు మరింత త్వరగా కోలుకుంటారని 2011 నాటి అధ్యయనం తెలిపింది.

5. ముగింపు:
ఎర్రతేలుకు రెండు చరిత్రలున్నాయి. ఒకటి ప్రయోగశాలది, రెండవది రోగి మంచానిది. మొదటిది కణత్వచ రహస్యాన్ని విప్పింది, రెండవది ప్రాణాలను నిలిపింది. విషంలోని ఒక అంశం విజ్ఞానానికి పనికివచ్చినంత మాత్రాన ఆ విషపు బాధ తీరదు. చేలో తేలు కుట్టిన కూలీకి తొలి గంటల్లో దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ప్రజోసిన్ అందడమే ముఖ్యం. విజ్ఞానచరిత్ర రచనలో ప్రయోగశాలతో పాటు ఆ ఆరోగ్య కేంద్రానికీ స్థానముండాలి.